పొట్టి గుమ్మం

మనిషి నడక చూస్తే చాలు, సొంతిల్లున్నవాడో అద్దెకుండేవాడో చెప్పేస్తాను. డెబ్బై ఏళ్లలో ఒక్కసారి కూడా నా గురి తప్పలేదు.

మా పక్కిల్లు అమ్మకానికొచ్చినప్పటి సంగతే చూడండి.

నేనా వీధికి రాకముందు నుంచీ ఆ ఇంటికి తాళమే. చూడ్డానికి వచ్చింది ఓ దర్జీ, అతని భార్య. కుట్టుమిషను చప్పుడు పడలేకపోతున్నామని, వాళ్లుండే ఇంటి యజమాని నెలాఖరుకల్లా ఖాళీ చెయ్యమన్నాడు. చేతిలో ఉన్నదానికీ ఈ ఇంటి ధరకీ మధ్య పది కుట్టుమిషన్ల ఖరీదంత తేడా.

సలహాదారు హోదాలో నేనూ వెళ్లాను. ఎవరూ పిలవలేదనుకోండి.

ఆ ఇంటి నడిమి గుమ్మం పొట్టిది. ముందు బ్రోకరు దానికి నుదురు కొట్టుకున్నాడు. వెనకాలే దర్జీ. ఆ వెనకాల నేను. నా దెబ్బకి గోడ మీది బల్లులు మూడు రాలిపడ్డాయి.

"ధర మాత్రం దిగదండీ," అన్నాడు బ్రోకరు బొప్పి తడుముకుంటూ. "ఇంటాయన్ని నేనూ చూడలేదు. బేరమంతా ఆయన అల్లుడుగారిదే, అదీ ఫోన్లో. మహా గట్టి మనిషి."

ఇంతలో వీధి తలుపు దగ్గర ఓ ముసలాయన. నలిగిన చొక్కా, చేతిసంచి.

"తలుపు తీసుంది. ఓసారి చూడొచ్చా?"

"చూడ్డానికేం, రండి," అన్నాడు బ్రోకరు.

పొట్టి గుమ్మం దగ్గర తల వంచి లోపలికొచ్చాడు. వినయం గల మనిషే అనుకున్నాను. నడక చూస్తే అద్దె మనిషని తెలిసిపోతూనే ఉంది.

దర్జీ భార్య కిటికీ తెరిచింది. "ఏమండీ, ఈ వెలుతురు చూడండి. ఇక్కడ మిషను వేసుకుంటే, దారం ఎక్కించడానికి కళ్లద్దాలే అక్కర్లేదు."

అని, వెంటనే మూసేసింది.

ముసలాయన ఆ కిటికీ వంక కాసేపు చూశాడు.

"దూలానికి చెద పట్టింది," అన్నాడు.

"ఎక్కడండీ?"

"లోపల. పైకి కనపడదు."

బ్రోకరు బయటికెళ్లి ఫోన్ చేసొచ్చాడు. ధర రెండు మిషన్లు దిగింది.

"వానొస్తే ఈ గదిలో తిరగడానికి పడవ కావాలి."

మళ్లీ ఫోను. ఇంకో మూడు మిషన్లు.

"వెనక గోడ ఇవాళో రేపో వీధిలోకి వెళ్లిపోతుంది."

ఈసారి బ్రోకరు ఫోన్లో దాదాపు ఏడ్చాడు. "ఎవరో మేస్త్రీలా ఉన్నాడండీ! పార్టీ బెదిరిపోతున్నారు!"

మిగతా అయిదూ దిగాయి.

నేను దర్జీ చెవిలో అన్నాను: "తను కొట్టేద్దామని ధర దించుతున్నాడు. తొందరగా ఖాయం చేసుకో."

దర్జీ ముసలాయన వైపు తిరిగాడు. "వంకలు పెట్టింది చాల్లే. నీకంటూ ఓ గోడ ఉంటే తెలిసేదయ్యా."

ముసలాయన గోడ మీద చెయ్యి వేశాడు.

"నిజమే," అన్నాడు.

గుమ్మం దగ్గర తల వంచి, వెళ్లిపోయాడు.

రిజిస్ట్రేషను రోజున మేం వెళ్లేసరికి, అమ్మినాయన పొద్దున్నే సంతకం చేసి వెళ్లిపోయాడన్నారు. దస్తావేజు మీద ఆయన ఫొటో ఉంది.

దర్జీ భార్య చూసి, కాగితం నా చేతికిచ్చింది.

అదే ముసలాయన. ఎన్నేళ్ల అలవాటో, ఆ గుమ్మం దగ్గర ఆయన మెడ దానంతటదే వంగింది. నేను వినయం అనుకున్నాను. డెబ్బై ఏళ్ల నా గురికి బొప్పి కట్టింది. అంతకుముందూ చాలాసార్లు కట్టిందనుకోండి, ఎవరికీ చెప్పలేదు.

ఆ ఏడాది వానలు దంచి కొట్టాయి. ఇంట్లో చుక్క కారలేదు.

దర్జీ భార్య ఆ కిటికీ దగ్గరే కూర్చుని, కంటి కొలతతో ఓ చొక్కా కుట్టింది. దస్తావేజులోని చిరునామా పట్టుకుని బయల్దేరారు. నేనూ వెళ్లాను. ఈసారీ ఎవరూ పిలవలేదు.

"మామగారు పోయి నెలైంది," అన్నాడు అల్లుడు. "అది సరే, ఆ ఇల్లింకా కూలలేదా?"

దర్జీ భార్య చొక్కా మళ్లీ సంచిలో పెట్టేసింది. "ఏదో, నిలబడుతోందండీ," అంది.

ఇదంతా జరిగిందే. బల్లులు కూడా. కల్పించింది ఒక్కటే: గోడ గురించిన ఆ మాట దర్జీ అనలేదు, నేనన్నాను.