దీపం ఆరకముందే

సోమేశ్వరరావుకి ఏ మాటా చివరిదాకా వినే అలవాటు లేదని భార్య సత్యవేణి ఫిర్యాదు. ఆ ఫిర్యాదు కూడా ఆయన ఇంతవరకూ పూర్తిగా వినలేదు.

"అన్నం అయింది, కూర ఇంకా పొయ్యి మీదే ఉంది" అంటే ఆయన చెవికి "అన్నం అయింది" వరకే చేరేది. పీట వాల్చుకుని కూర్చుని, ఖాళీ కంచం వంకా ఆవిడ వంకా మార్చి మార్చి చూసేవాడు.

అలాంటి మనిషి అమలాపురంలో కంప్యూటర్ షాపు పెట్టాడు. పగలు కాలేజీ మార్కుల జాబితాలు, సాయంత్రం జాతకాలు. మీటలు నొక్కడానికి మేరీ అని బీయస్సీ చదివిన అమ్మాయి.

యంత్రం మార్కులన్నీ ఫ్లాపీ బిళ్ళలోకి ఎక్కించేటప్పుడు దాని అర పక్కన ఎర్రదీపం వెలిగేది, తెర మీద ఇంగ్లీషులో రెండు ముక్కలు కనపడేవి. పని అయింది. ఎర్రదీపం ఆరాక ఫ్లాపీ తీయండి.

ఒకరోజు దీపం ఆరకముందే ఎవరో ఫ్లాపీ లాగేశారు. ఇంటర్ పిల్లల మార్కులన్నీ అందులోనే ఉన్నాయి. ఇక అది తెరుచుకోలేదు.

ప్రిన్సిపాలు శ్రీరామచంద్రమూర్తి గారు రిక్షా దిగుతూనే అడిగారు.

"ఎవరండీ లాగింది?"

"మా షాపులో అమ్మాయేనండి. పని మాన్పించేస్తున్నాను," అన్నాడు సోమేశ్వరరావు.

మేరీ తల ఎత్తి ఆయన్ని చూసింది. గొడుగు తీసుకుని వెళ్ళిపోయింది. ఊళ్ళో ఉన్నది ఆ ఒక్క కంప్యూటరే. అక్కడ మానేస్తే ఆమె నేర్చుకున్నది కొబ్బరికాయ వలవడానికైనా పనికిరాదు.

క్యారేజీ తెచ్చిన సత్యవేణి అంతా విన్నది. "అయింది" అన్న మాట కనపడగానే ఆగలేని మనిషి ఆ గదిలో ఎవరో ఆవిడకి తెలుసు.

మర్నాడు క్యారేజీలో కూరకి ఉప్పు లేదు.

ఆ వారంలోనే రావులపాలెం బస్సు దిగి ఒకావిడ షాపుకి వచ్చింది. నేత చీర, చేతిలో సంచీ. బెంచీ మీద కూర్చుంది.

"జాతకాలు సాయంత్రమండి," అన్నాడు సోమేశ్వరరావు, ఒంటి వేలితో మార్కులు మళ్ళీ కొట్టుకుంటూ.

"జాతకానికి కాదండి. ఫ్లాపీ పాడైందటగా. ఒకసారి ఇస్తే చూస్తాను. ఒక్కోసారి పోయినవి తిరిగి వస్తాయి."

"కొబ్బరికాయ కాదండి, చెవి దగ్గర ఊపి చూడ్డానికి!"

ఆవిడ నవ్వింది.

"పోనీ, ఆ అమ్మాయిని మాత్రం మాన్పించకండి. తప్పు ఆ తెర మీద మాటలదండి."

"అవి రాసినవాళ్ళు హైదరాబాదులో పెద్దపెద్దవాళ్ళండి. వాళ్ళకి వంక పెట్టేపాటివాళ్ళమా మనం?"

వీధిలోంచి ఎవరో పిలిస్తే ఆయన లేచి వెళ్ళాడు. ఆవిడ, క్యారేజీ తెచ్చి పక్కనే నిలబడ్డ సత్యవేణి వైపు తిరిగింది.

"మీ వారిని కాసేపు ఆగమనాలంటే ఏమంటారండి మీరు?"

"ముందు 'కూర అవలేదు' అంటానండి. అన్నం సంగతి చివర్న చెప్తాను. ముందే 'అయింది' అన్నామా, ఇక ఆయన మన మాట వినరు. నాకూ ఈమధ్యే తెలివొచ్చింది."

ఆవిడ ఆ మాటని లోపల మళ్ళీ అనుకుంటున్నట్టు పెదాలు కదిపింది.

"ఆయ్! ఇంత సులువైన సంగతి తట్టలేదు చూడండి," అంది.

మంచినీళ్ళు తాగి, బస్సు వేళయిందని వెళ్ళిపోయింది.

"మేరీ తాలూకు చుట్టమై ఉంటుంది. సిఫార్సుకి వచ్చింది," అన్నాడు సోమేశ్వరరావు తిరిగొచ్చి. లోపల ఏముందో చూద్దామని ఆ సాయంత్రమే పాడైన ఫ్లాపీ చించి, నల్లటి బిళ్ళ తప్ప ఏమీ లేదని పారేశాడు.

నెల తిరక్కముందే కంపెనీ మనిషి మాణిక్యాలరావు వచ్చి కొత్త ప్రోగ్రాం ఎక్కించాడు. తెర మీద ఇప్పుడు ముందుగా వచ్చింది వేరే మాట. ఆగండి, ఎర్రదీపం ఇంకా వెలుగుతోంది. దీపం ఆరిన తర్వాతే పని అయిందన్న ముక్క వచ్చింది.

ఫ్లాపీ దాకా వెళ్ళిన సోమేశ్వరరావు చెయ్యి గాలిలో ఆగిపోయింది. ఆ చెయ్యి అలా ఆగడం సత్యవేణి తన కాపురంలో చూడలేదు.

"ఎవరండీ రాసింది? బంగారంలాంటి మాట!"

గుమ్మం బయట చెప్పులు వేసుకుంటూ మాణిక్యాలరావు ఏదో చెప్పాడు. లోపలున్న సత్యవేణికి అది వినపడలేదు. భర్త దాన్ని చివరిదాకా వినడం మాత్రం కనపడింది.

ఆయన లోపలికొచ్చాడు.

"పద, మేరీ వాళ్ళింటికి."

దారిలో ప్రిన్సిపాలు గారిని కూడా రమ్మన్నాడు.

మేరీ తండ్రి దేవదానం కుర్చీలు వేశాడు. సోమేశ్వరరావు కూర్చోలేదు.

"ఏమైందండీ?" అన్నారు ప్రిన్సిపాలు.

"జాతకాలు సాయంత్రమని నేను కసిరేసిన ఆవిడే హైదరాబాదు కంపెనీలో ఆ ప్రోగ్రాం రాసినావిడటండి," అన్నాడు సోమేశ్వరరావు. "తన మాటల్లో తప్పుందని ఆవిడ అంత దూరం నుంచి వచ్చి చెప్పేరు, పక్క వీధిలో ఉండి నేను చెప్పలేకపోయేను... ఆ ఫ్లాపీ లాగింది నేనేనమ్మా, మేరీ."