డెల్ జీను

“పుర్రచేత్తో తాడు విసిరితే దూడకి కూడా నవ్వొస్తుందిరా హార్లన్ అన్నాను. నా మాట పూర్తి కాకుండానే ఆ తాడొచ్చి నా మెడలో పడింది!”

మిలో చెప్పిన తీరుకి వంటింట్లో ఉన్నవాళ్ళంతా పగలబడి నవ్వారు. హార్లన్‌ని మట్టి చేసి వచ్చి ఇంకా గంట కాలేదు. బల్ల మీద పొరుగువాళ్ళు తెచ్చిన మాంసం, బీన్స్ చల్లారిపోతున్నాయి. బతుకంతా గుర్రం మీదే గడిపినవాడి గురించి ఏడుస్తూ కూర్చుంటే వాడే లేచొచ్చి తిడతాడని అందరి నమ్మకం. అతనితో కలిసి ఆ వయోమింగ్ బీళ్ళన్నీ పశువులు తోలిన మిలోకి మాట్లాడే హక్కు అందరికంటే ఎక్కువ.

“వాడు గుంజకి గుర్రాన్ని కట్టాడంటే విప్పడానికి మళ్ళీ వాడే రావాలి. పుర్రచెయ్యి కదా, ముడి కొస అటు తిప్పి పెడతాడు మహానుభావుడు. మనం లాగితే ఇంకా బిగుసుకుంటుంది. ఆ విద్య ఇంట్లో ఎవరికైనా వచ్చిందా ఓపల్?”

“మాకెక్కడ వస్తుంది బాబాయ్! నేర్పబోయి, విసుగొచ్చి మానేశాడు,” అంది హార్లన్ కూతురు, నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంటూ.

తలుపు దగ్గర నిలబడ్డ లైల్ నవ్వలేదు. హార్లన్ పెద్దకొడుకతను. కాస్పర్ పట్నంలో లారీలు బాగుచేసుకుంటూ బతుకుతున్నాడు.

“ఏమోయ్ లైల్, నాన్న గుర్రాల్లో ఒకటైనా నువ్వు తోలుకెళ్ళొచ్చుగా?” అన్నాడు ఒక పొరుగాయన, చనువుగా. అని నాలిక్కరుచుకున్నాడు.

లైల్ గుర్రమెక్కి నలభై ఏళ్ళయింది. ఎందుకో అక్కడ తెలియనివాళ్ళు లేరు. పన్నెండేళ్ళప్పుడు, మందని కొండమీదికి తోలే రోజున, ఆరేళ్ళ తమ్ముడు డెల్ గుర్రానికి జీను కట్టింది అతనే. దిగుడులో ఆ జీను పక్కకి జారిపోయింది. పిల్లాడి కాలు రికాబులో ఇరుక్కుంది. బెదిరిన గుర్రం వాణ్ణి రాళ్ళ మీద ఈడ్చుకుపోయింది. హార్లన్ వెంటపడి దాన్ని పట్టుకుని, పొట్ట కింద బిగించే తోలుపట్టీని కత్తితో కోసి జీను పడేసేసరికి చెయ్యడానికి ఇంకేమీ మిగల్లేదు.

ఆ సాయంత్రం ఇదే బల్ల దగ్గర హార్లన్ ఒక్క మాటే అన్నాడు. “జీను కట్టింది లైల్. నేను ఆ పట్టీ ముట్టుకోలేదు.”

అందరూ నమ్మారు. ఒకరు కట్టిన జీనుని ఇంకొకరు విప్పి కట్టడం అక్కడ పరువు తక్కువ. కన్నకొడుకే కట్టినా సరే, దాని మీద చెయ్యి వేశారంటే వాణ్ణి నలుగురిలో చేతకానివాడన్నట్టే. మోకాలు గుర్రం డొక్కకి ఆనించి గట్టిగా బిగించినట్టే లైల్‌కి గుర్తు. చెప్పి చూశాడు. వినేవాళ్ళేరి? బళ్ళో పిల్లలు “బూట్ల తాళ్ళైనా గట్టిగా కట్టుకోరా” అని ఏడిపించేవాళ్ళు. తల్లి చనిపోయేదాకా అతని చేతి కాఫీ తాగలేదు. కొన్నాళ్ళకి లైల్ తన జ్ఞాపకాన్ని తనే నమ్మడం మానేశాడు.

“అన్నయ్యా, ఒకసారి ఇలా రా,” అంది ఓపల్.

గుర్రాల కొట్టం చివర ఒక చిన్న గది ఉంది. దానికి ఎప్పుడూ తాళమే. ఓపల్ తాళంచెవి తీసి లైల్ చేతిలో పెట్టింది.

“డెల్ జీను ఇందులోనే ఉంది. ఇన్నేళ్ళూ నాన్న ఎవర్నీ తాకనివ్వలేదు. దుమ్ము కూడా దులపనిచ్చేవాడు కాదు. మొన్న మాట పడిపోయే ముందు, ‘ఇది లైల్‌కి, వాడే తెరవాలి’ అన్నాడు.”

“నాకెందుకే?”

“అర్థం కాలేదా? మనసులో క్షమించకపోతే ఇస్తాడా?”

“ఆ ముక్క బతికుండగా నా మొహాన చెబితే ఏం పోయేది?”

“నాన్న సంగతి తెలీదూ? గుర్రాలతో తప్ప మనుషులతో మాట్లాడ్డం ఎప్పుడొచ్చింది ఆయనకి?”

లైల్ తలుపు తీశాడు. కొయ్యకి చిన్న జీను వేలాడుతోంది. తోలు ఎండి బీటలు వారింది. కోసేసిన పట్టీ కింద వేలాడుతోంది, పైన ఆ పట్టీని జీను కడియానికి కట్టిన ముడి మాత్రం ఆనాటిది ఆనాటిలాగే ఉంది. ఆ చిన్న రికాబు చూడగానే అతనికి దుఃఖం పొంగుకొచ్చింది. జీనుని కిందికి దించి ఒళ్ళో పెట్టుకుని, యాభై దాటిన మనిషి పసిపిల్లాడిలా ఏడ్చాడు. క్షమించాడు. ఆలస్యమైతేనేం, నాన్న క్షమించాడు.

వెనకే వచ్చిన మిలో అతని భుజం మీద చెయ్యి వేశాడు. “విప్పెయ్యరా అబ్బాయ్ ఆ ముడి. ఇన్నేళ్ళు మోసింది చాలు.”

లైల్ కళ్ళు తుడుచుకుని, చేతికి అలవాటైన వైపుకి కొస పట్టుకుని లాగాడు. రాలేదు. ఇంకాస్త గట్టిగా లాగాడు. ముడి ఇంకా బిగుసుకుంది.

“తోలు ఎండిపోయిందేమో అన్నయ్యా,” అంది ఓపల్.

మిలో వంగి చూశాడు. చూసి, నెత్తిమీది టోపీ తీసేశాడు.

అది పుర్రచేతి ముడి.