చిన్న గేటు

"నా పేరు రాసుకోప్పా. కాలనీ పేరూ, టయిమూ రాయి. సంతకం పెట్టినాకే నేను పోతాను."

గోవిందయ్య పొద్దున్నే గేటు దగ్గర వాచ్‌మన్‌తో మళ్లీ మొదలుపెట్టాడు. వెనక నిలబడ్డ మునిరత్నమ్మకు ఒళ్లు మండింది.

కాలనీకి మూడువైపులా యూనివర్సిటీ గోడ, నాలుగోవైపు రైలు కట్ట. యూనివర్సిటీలోకి తెరుచుకునే ఈ చిన్న గేటే దిక్కు. అది లేకపోతే హాస్టల్లో వంటపనికి ఆమె కట్ట వెంబడి ఐదు కిలోమీటర్లు చుట్టి రావాలి.

ఇన్నాళ్లూ వాచ్‌మన్‌కు ఒక నవ్వు పారేసి అందరూ దూరిపోయేవాళ్లు. రిజిస్టరులో ఒక్క పేరూ ఎక్కేది కాదు. ఈ ముసలాయన వచ్చి లేని రూలు అందరి నెత్తికీ తెచ్చిపెట్టాడు. ఒకరికి రాసి ఇంకొకరిని వదిలితే మాటొస్తుందని వాచ్‌మన్ అందరినీ ఆపుతున్నాడు. ఇప్పుడు వరసలో నిలబడి సంతకం పెట్టాల్సిందే.

ఆ వారంలో ఆమెకు ఆలస్యం కావడం మూడోసారి. ఇంకోసారైతే పనిలోకి రావద్దని మెస్ మేనేజరు చెప్పేశాడు.

గోవిందయ్య అద్దెకుంటున్నది ఆమె ఇంటి ముందుగదిలోనే. ఆ సాయంత్రం తేల్చేసింది.

"గది ఖాళీ చెయ్ పెద్దాయనా. నీ సంతకాల పిచ్చికి నా కూడు పోయేట్టుండాది."

"ఇంకో రెండు నెలలు ఉండనీ తల్లీ. ఈడ నాకు పనుండాది."

"ఏం పని?"

చెప్పబోయి తల దించుకున్నాడు. అది చూసి ఆమెకు ఇంకా చిరాకేసింది.

మరునాడే సంచీ పట్టుకుని వెళ్లిపోయాడు. కాలనీ అంతా ఆమెను మెచ్చుకుంది. వాచ్‌మన్ కూడా రిజిస్టరు మూసి పక్కన పడేశాడు.

నెల తిరక్కుండానే చిన్న గేటుకు అడ్డంగా ఇటుకలు లేచాయి.

మునిరత్నమ్మ గోడను చేత్తో తడిమింది. సిమెంటు ఇంకా పచ్చిగానే ఉంది. అవతల హాస్టల్ వంటింటి పొగ కనిపిస్తూనే ఉంది. ఆమెకు ఏడుపొచ్చింది.

అప్పుడే గోవిందయ్యను వెతుక్కుంటూ జయంతి అనే లాయరు వచ్చింది. కోర్టు వాయిదాకు రాలేదు, ఆయన ఎక్కడని అడిగింది. గది ఖాళీ చేయించానని మునిరత్నమ్మ చెప్పింది.

"యూనివర్సిటీ ఈ గేటు మూసేస్తామంటే ఆయన కోర్టులో కేసు వేసినాడు. అందుకే ఇన్నాళ్లూ మూయలేదమ్మా. జనం రోజూ నడిచే దారి అనేదానికి ఆ సంతకాలే సాక్ష్యం. కాలనీలో ఉండే మనిషి వేస్తేనే ఆ కేసు చెల్లేది. ఆయన ఈడ లేడని తేలి కొట్టేసినారు."

మునిరత్నమ్మ చేతికంటిన సిమెంటును కొంగుకు తుడుచుకుంది.

"మాకొక మాట చెప్పుండొచ్చు గదమ్మా."

"ఏ మొహంతో చెప్పేది అనేవాడు."

ఊళ్లో సొంత మేడ వదిలి, కేసు కోసమే ఆ ఇరుకు గదిలో చేరిన గోవిందయ్య, పాతికేళ్ల కిందట కాలనీ చుట్టూ ఆ గోడను దగ్గరుండి కట్టించిన యూనివర్సిటీ ఇంజనీరు.