మామయ్య గొంతు

కిటికీ చువ్వల మధ్య నుంచి ఒక చెయ్యి క్లాసులోకి వచ్చింది. ఆ చేతిలో సెల్‌ఫోను ఉంది.

"ఎవడ్రా అది?"

మైకు మాస్టారి కేకకి చెయ్యి ఉలిక్కిపడింది కానీ, ఫోను మాత్రం వెనక్కి పోలేదు.

మాస్టారికి ఆ పేరు ఊరికే రాలేదు. ఆయన పాఠం మొదలుపెడితే పక్కగదిలో లెక్కల టీచరు తలుపేసుకునేది.

అదంతా పుస్తకాలున్న రోజుల్లో.

మొన్న సెలవుల్లో పుస్తకాలన్నీ చిత్తుకాగితాల బండెక్కాయి. పిల్లలకి తలా ఒక ఈ-రీడరు వచ్చింది.

"ఈ రీడరు వచ్చింది, ఆ రీడరు చచ్చింది" అని స్టాఫ్‌రూములో అందరికంటే ముందు నవ్వింది మాస్టారే.

ఆ నవ్వు ఎంతోకాలం నిలవలేదు. ఈ-రీడరు పాఠాన్ని పైకి చదివేది. ఎవరిదో మగగొంతు. తొందర లేదు, గద్దింపు లేదు. కష్టమైన మాట వచ్చినచోట "ఇక్కడ కాస్త ఆగుదామా?" అనేది.

పిల్లలు ఆగేవారు.

మాస్టారు "ఆగండ్రా!" అని అరిస్తే ఒక్కడూ ఆగేవాడు కాదు.

ఆ గొంతుకి పిల్లలు మామయ్య అని పేరు పెట్టుకున్నారు. "మీరొద్దు సార్, మామయ్యని పెట్టండి సార్" అని ముందు బెంచీ జడలపిల్ల మొహం మీదే అనేసింది. పాఠాలు చెప్పీ చెప్పీ తల నెరిసిన మనిషికి ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది.

ఇవాళా మామయ్యే చదువుతున్నాడు. మాస్టారు కుర్చీకి పని చెబుతున్నారు. సరిగ్గా అప్పుడే కనబడింది, ఆ చెయ్యి.

ఒక్క ఉదుటున వరండాలోకి దూకి, మనిషిని రెక్క పట్టుకుని లోపలికి లాక్కొచ్చారు. బక్కపల్చటి మనిషి. మెడకి రుమాలు కట్టుకుని ఉన్నాడు.

"పిల్లల్ని వీడియో తీస్తున్నావా?" అంటూ మాస్టారు ఫోను లాక్కున్నారు.

అతను కాదన్నట్టు తలూపాడు. ఈ-రీడరు వైపు వేలు చూపించి, ఆ వేలే తన రుమాలు మీద పెట్టుకున్నాడు.

"ఏంటీ, మాట రాదా? ఓహో, మూగవాడివా! అందుకే కిటికీ దగ్గర మూగావు!"

క్లాసు గొల్లుమంది. తన మాటకి క్లాసు నవ్వి ఎన్నాళ్లయిందో! మాస్టారి మొహం వెలిగిపోయింది.

అతను అరచేతి మీద వేలితో రాసి చూపించాడు. కాగితం కావాలట.

"కాగితమా? ఈ బడిలో కాగితమూ లేదు, కలమూ లేదు. రెండూ కాలం చేశాయి!"

ఇంకోసారి గొల్లుమంది.

జోకైతే జోకే కానీ, అది నిజం కూడా. గదిలో చిత్తుముక్క లేదు. నల్లబల్ల ఉండాల్సిన చోట తెర వేలాడుతోంది. ఈ-రీడరు మీద నొక్కడమే కానీ రాయడం లేదు.

పోనీ తన ఫోనైనా ఇమ్మని చెయ్యి చాచాడు. మాస్టారు ఇవ్వకుండా అందులోకి తొంగిచూశారు. వీడియో లేదు, ఒక్క పిల్ల మొహమైనా లేదు. ఉత్త గొంతు.

"ఇక్కడ కాస్త ఆగుదామా?" అంది ఫోను.

మాస్టారి మొహం మాడిపోయింది. "నీక్కూడా మామయ్యే కావాలా?"

అతను గబగబా అవునన్నాడు, తలతోనే. రెండు చేతులూ జోడించాడు.

"ఊళ్లో వాళ్లందరికీ మామయ్యే! ఇక్కడ నేనెందుకూ, కుర్చీలో దుమ్ము దులపడానికా?"

ఫోనులో ఉన్నది తుడిచేశారు. అక్కడితో కసి తీరలేదు. బల్ల మీది పెద్ద ఈ-రీడరు దగ్గరికి జరుపుకున్నారు. అందులో ఏం నొక్కితే క్లాసులో ఉన్న ఈ-రీడర్లన్నీ అదే పాట పాడతాయి.

'చదివే గొంతును పూర్తిగా తొలగించాలా?' అని అడిగింది తెర.

"వద్దు సార్!" అంది జడలపిల్ల.

అతను వచ్చి మాస్టారి మణికట్టు పట్టుకున్నాడు. నోరు బార్లా తెరిచాడు. మాట రాలేదు. రుమాలు కింద నుంచి ఈల లాంటి గాలి వచ్చింది.

"విన్నారర్రా! మామయ్య పోయాడు, ఈలయ్య వచ్చాడు!" అంటూ నొక్కేశారు మాస్టారు.

క్లాసు పగలబడి నవ్వింది. జడలపిల్ల కూడా నవ్వింది, కాస్త ఆలస్యంగా.

ఫోను వాచ్‌మన్ చేతికి వెళ్లింది. "గేటు దాటించాక ఇవ్వు."

ఆ పూట మాస్టారు సొంత గొంతుతో పాఠం చెప్పారు. పక్కగదిలో లెక్కల టీచరు మళ్లీ తలుపేసుకుంది.

మర్నాడు ఈ-రీడర్లు బాగుచేసే టెక్నీషియన్ వచ్చాడు. వైరు తగిలించి చూసి తెల్లబోయాడు.

"మాస్టారూ, చదివే గొంతేదండీ?"

"గొంతు నొక్కేశాను!" అన్నారు మాస్టారు ఉత్సాహంగా. "కావాలంటే యంత్రం గొంతు పెట్టుకో."

"అయ్యయ్యో! కొత్త వాటికి కంపెనీ ఎటూ అదే పెడుతోంది. పాత రికార్డింగులు ఆఫీసులో ఎప్పుడో తీసేశారు. పాత సరుకు వచ్చింది మీ క్లాసుకే, అది మిగిలిందీ ఇక్కడే. కాపీ చేసుకుందామని వచ్చాను."

"ఎవరికయ్యా, అంత ముద్దొచ్చింది?"

"ఓ చిన్నపాపకండీ. పాప కడుపులో ఉండగా వాళ్ల నాన్న చదివాడు ఈ పాఠాలన్నీ. పాపకి వినిపించాలని తిరగని చోటు లేదు. నేను వెళ్లి తెస్తానన్నా ఆగలేక, నిన్న తనే మీ దగ్గరికి బయల్దేరాడట. రాలేదా?"

"కూతురికి వినిపించడానికి ఊరంతా తిరగడం దేనికయ్యా? ఇంట్లో కూర్చుని తనే చదవొచ్చుగా! నోరు లేదా?"

క్లాసు నవ్వింది.

టెక్నీషియన్ వైరు చుట్టుకుంటూ, తలెత్తకుండా అన్నాడు:

"నోరుందండీ, గొంతే లేదు, చివరి పాఠం చదివిన మర్నాడే ఆపరేషన్ చేసి తీసేశారు, అప్పట్నుంచీ మెడకి రుమాలు కట్టుకునే తిరుగుతున్నాడు."