రోజ్‌మేరీ ఆదివారం

పాదిరి గారు ఆ మాట అనగానే బెరిల్ చేతిలో పూలకుండీ జారి చర్చి మెట్ల మీద పగిలింది.

"ఇంకొకరా? మార్చ్‌వుడ్ వంశంలోనా?"

"అవునండీ. మన రోజ్‌మేరీ ఆదివారం గురించి పేపర్లో చూసి ఇప్పుడే ఫోన్ చేశారు. రేపు వస్తారట. మీ గురించి చెబితే ఎంత సంబరపడ్డారో! ఆవిడ పేరు..."

"పేరు చెప్పకండి! నేనే నిగ్గు తేలుస్తాను. ఇలాంటివాళ్ళని ఎంతమందిని చూశాను!"

నిజానికి బెరిల్ ఒక్కరిని కూడా చూడలేదు.

పోస్టాఫీసులో స్టాంపులు అమ్మి రిటైరైన మనిషి. పెళ్ళి లేదు, నా అన్నవాళ్ళు లేరు. చుట్టుపక్కల సమాధుల మీద నాచు గీకీ గీకీ, అమ్మమ్మ వాళ్ళమ్మ మార్చ్‌వుడ్ జమీందార్ల ఆడపడుచని తేల్చింది. ఒకప్పుడు ఊరు ఊరంతా వాళ్ళదే. ఇప్పుడు వాళ్ళ భవనం హోటలైంది.

మిగిలింది జూన్‌లో వచ్చే ఆ ఒక్క ఆదివారం. చర్చిలో సర్ రాల్ఫ్ మార్చ్‌వుడ్ రాతి సమాధి మీద, పోయినవాళ్ళ జ్ఞాపకంగా, రోజ్‌మేరీ కొమ్మల కట్ట పెట్టాలి. పెట్టాల్సింది ఆ రక్తంలో బతికున్న వాళ్ళలో అందరికన్నా పెద్దవాళ్ళు. ఎవరూ లేక ఆగిపోయిన ఆచారాన్ని బెరిల్ మళ్ళీ మొదలుపెట్టింది. ఆ రోజు ఊరంతా లేచి నిలబడుతుంది, ఆమె కోసం.

మర్నాడు బస్సు దిగిన మనిషిని చూసి బెరిల్ గుండెల్లో రాయి పడింది.

ఎనభైకి దగ్గరగా ఉంది ముసలావిడ, తనకన్నా పెద్దది. వెలిసిపోయిన రెయిన్‌కోటు, మగవాళ్ళ బూట్లు, చేతిలో ప్లాస్టిక్ సంచి.

చర్చిలో టీ పోసే మిసెస్ డాబ్స్ ఆవిడకి బంగారు అంచు కప్పు ఇచ్చింది. ఏటా ఆ కప్పు బెరిల్‌ది. బెరిల్‌కి ఒళ్ళు మండిపోయింది.

ముసలావిడ డాబ్స్‌తో కబుర్లు చెబుతూనే, అటు చూడకుండానే, సమాధి మీద సర్ రాల్ఫ్ శిల్పం కాళ్ళ దగ్గరున్న రాతి కుక్క తల నిమిరింది.

"ముట్టుకోకూడదు! నాలుగొందల ఏళ్ళ నాటిది!"

"అయ్యో, పొరపాటే తల్లీ. పిల్లలు నిమిరీ నిమిరీ దీని చెవులు అరగదీశారు, పాపం."

"పిల్లలెవరూ నిమరలేదు. అది తేమకి అరిగింది. ఇంతకీ మీరు ఏ శాఖ?"

"శాఖలూ అవీ నాకేం తెలుసమ్మా? మావాళ్ళది ఈ ఊరే."

"అలా అంటే చెల్లదండీ. తేదీలు కావాలి, ఆధారాలు కావాలి. రండి చూపిస్తాను."

గోడ మీద అద్దాల చట్రంలో వంశవృక్షం. అంతా బెరిల్ చేతిరాతే. ముసలావిడ కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చదివింది.

"పేర్ల పక్కన ఈ నల్ల శిలువలేంటమ్మా?"

"పోయినవాళ్ళు."

"అందరూ పోయారా?"

"అందరూ. ఆఖరి జమీందారు కొడుకులిద్దరూ యుద్ధంలో పోయారు. కూతురు లెటీషియా కూడా అంతే. ఆమెకి పంతొమ్మిదేళ్ళు దాటాక ఆ పేరు ఎక్కడా లేదు. తండ్రి వీలునామాలో కూడా లేదు. బతికుంటే రాయడా?"

"రాయాలి మరి" అంది ముసలావిడ. "ఈ చివర, శిలువ లేని పేరు?"

"నాది."

"ఒక్కదానివేనా? నీకెవరూ లేరా తల్లీ?"

"ఎందుకు లేరు? గోడ నిండా ఉన్నారుగా!"

ముసలావిడ ఆమె చెయ్యి పట్టుకోబోయింది. బెరిల్ చటుక్కున వెనక్కి తీసుకుంది.

ప్రార్థన అయ్యాక పాదిరి గారు రోజ్‌మేరీ కట్ట తీసుకుని ముసలావిడ వైపు నడిచారు. బెరిల్ దారికి అడ్డం వచ్చింది.

"ఆధారం లేనివాళ్ళు పెట్టడానికి వీల్లేదు పాదిరి గారూ!"

ఆయన తెల్లబోయారు. ముసలావిడ నవ్వింది.

"అమ్మాయినే పెట్టనివ్వండి. తనకి అలవాటు."

బెరిల్ పెట్టింది. ఊరంతా లేచి నిలబడింది. కానీ అందరి చూపూ వెనక బల్ల మీదున్న ఆ రెయిన్‌కోటు మీదే ఉన్నట్టనిపించి, ఆ సంతోషం కాస్తా చేదైపోయింది.

బయటికి రాగానే మళ్ళీ అందరూ ముసలావిడ చుట్టూ చేరారు. డాబ్స్ కేకు తెచ్చింది. ఎవరో కుర్చీ వేశారు.

ఇక బెరిల్ వల్ల కాలేదు. గుంపులోకి దూరింది.

"మీ బస్సు వచ్చే వేళైంది. ఇది పోతే మళ్ళీ రేపే."

"రేపైనా పరవాలేదనుకున్నానమ్మా..."

"ఊళ్ళో ఉండటానికి చోటు లేదు. హోటల్ ఖర్చు మీలాంటివాళ్ళు భరించలేరు."

ముసలావిడ సంచిలోంచి ఏదో పొట్లం తీయబోయి, మళ్ళీ లోపలే పెట్టేసింది.

"సరే తల్లీ. ఒంట్లో జాగ్రత్త."

బస్సు మలుపు తిరిగేదాకా చూసి, బెరిల్ హాయిగా ఊపిరి పీల్చుకుంది. చర్చిలోకి వెళ్ళి బంగారు అంచు కప్పు తనే కడుక్కుని, టీ పోసుకుంది.

పాదిరి గారు హడావిడిగా వచ్చారు.

"ఆవిడ ఏరీ? మీ ఇంట్లో దించేశారా?"

"మా ఇంట్లోనా? బస్సెక్కించేశాను."

"అదేంటండీ! రెండ్రోజులు మీతో గడపాలని వచ్చారు కదా. తనవాళ్ళలో ఒక్కరు మిగిలారని తెలిసి నిన్న ఫోన్లో ఏడ్చేశారు. మీరడిగితే ఉండిపోదామనుకున్నారు. మీతో చెప్పలేదా?"

బెరిల్ కప్పు బల్ల మీద పెట్టేసింది.

"నేను... పేరు కూడా అడగలేదు. ఎవరండీ ఆవిడ?"

పాదిరి గారు మెల్లగా గోడ దగ్గరికి నడిచి వెళ్ళి, బెరిల్ తన చేత్తో నల్ల శిలువ గీసిన లెటీషియా పేరు మీద వేలు పెట్టారు.