అత్తాకోడళ్ల కొత్త వెర్షన్

“ఎవరు రాశారో తేలేదాకా ఈ గదిలోంచి ఎవరూ కదలడానికి వీల్లేదు,” అని మామగారు తలుపుకు అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చున్నారు.

గది అంటే ఆ ఇంటి ముందుగదే. ఆఫీసూ అదే. మూడు బల్లలు, మూడు కంప్యూటర్లు. డాక్టర్ల దగ్గరికి వచ్చే రోగులకు టైము ఇచ్చే సాఫ్ట్‌వేర్ అక్కడే తయారవుతుంది. మొదట్లో అంతా అత్తగారే రాశారు. ఆవిడ కీబోర్డు మీద చెయ్యి వేస్తే వీధిలో కుక్కలు వడగళ్ల వాన అనుకుని అరుగుల కిందికి దూరేవి. కోడలు కాపురానికి వచ్చి రెండో కీబోర్డు అందుకున్నాక, కుక్కలు కూడా అరుగుల కిందే కాపురం పెట్టేశాయి.

అయినా అత్తాకోడళ్ల మధ్య ఏనాడూ ఒక్క మాట తూలలేదు. పెళ్లికి ముందురోజు మాత్రం అత్తగారు చిన్న చీటీ మీద ఓ నంబరు రాసి తన కంప్యూటరు పైన అంటించుకున్నారు. అది అప్పటి సాఫ్ట్‌వేర్ మొత్తానికీ కలిపి ఉన్న నంబరు.

“అమ్మాయి ఏదైనా పాడు చేసిందనుకో, వెనక్కి పోవడానికి దారుండాలి కదా,” అన్నారు ప్రేమగానే.

కోడలు రోజూ ఆ చీటీని చూస్తూనే అత్తగారికి టీ అందిస్తుంది.

పెళ్లయ్యాక మొదటిసారిగా, పోయినవారమే డాక్టర్లందరికీ కొత్త వెర్షన్ పంపారు. ఇవాళ పొద్దున్నే కళ్ల డాక్టరు ఫోన్ చేశాడు.

“పాతదానికీ దీనికీ పోలికే లేదండీ. నొక్కుదామని అనుకునేలోపే తెరుచుకుంటోంది. అక్షరాలు కూడా ఎంత తేటగా ఉన్నాయో. నా ఆస్పత్రులన్నిటికీ ఇదే పెట్టిస్తాను. అయితే రాసినవాళ్లే దగ్గరుండి చూసుకోవాలి.”

ఫోన్ పెట్టేసి మామగారు తీర్పు చెప్పేశారు. “రాసిందెవరో వాళ్లదే ఇకనుంచి ఈ ఆఫీసు పెత్తనం. రెండోవాళ్లు వాళ్లు చెప్పినట్టు వినాలి.”

కోడలు తల వంచుకుంది. “నేనేం చేశాను మామయ్యా, ఉన్న రాతనే కాస్త శుభ్రం చేశానంతే.”

“శుభ్రం నేనూ చేశానమ్మా,” అన్నారు అత్తగారు.

ఇంతలో పళ్ల డాక్టరు ఫోన్. “ఏమయ్యా, పాతది బంగారంలా ఉండేది కదా, దాన్నెందుకు కెలికారు? ఇప్పుడు నొక్కితే, రోగి పన్ను పీకించుకుని ఇంటికెళ్లి నిద్రపోయాక తెరుచుకుంటోంది. రాసినవాళ్లెవరో నా కుర్చీలోకి పంపించు, వాళ్ల సంగతి నేను చూసుకుంటా.”

అప్పుడు ముగ్గురూ మూడో బల్ల దగ్గరున్న కొడుకు వైపు తిరిగారు. అతను నల్లటి తెర తెరిచి, అమ్మ వైపూ చూడలేక, పెళ్లాం వైపూ చూడలేక, తెరవైపే చూస్తూ కూర్చున్నాడు.

“ఇందులో బొమ్మలేం లేవేంట్రా?” అన్నారు మామగారు.

“ఇది గిట్ నాన్నా, మేం రాసిన ప్రతి మార్పునీ దాచిపెట్టేది. బొమ్మలుండవు, దాచింది దాచినట్టు ఉంటుంది. ప్రతి ఫైలుకీ అందులో ఉన్న సరుకును బట్టి ఓ నంబరు పుడుతుంది. ఫైళ్లన్నీ కలిపి కట్టిన మూటకి ఇంకో నంబరు. దాన్ని ట్రీ అంటాం. ఆ మూట ఎవరు కట్టారో, ఎప్పుడు కట్టారో చెప్పేది కమిట్.”

“అంటే ట్రీ నంబరు వేలిముద్ర లాంటిదన్నమాట.”

“అంతే. లోపల చుక్క మారినా నంబరు మారిపోతుంది.”

“సరే, పోయినవారం మూట కట్టిందెవరో చూడు.”

కొడుకు ‘గిట్ క్యాట్-ఫైల్’ అని కొట్టి, కమిట్ తెరిచాడు. “అమ్మ పేరుంది. కింద ‘శుభ్రం చేశాను’ అని రాసుంది.”

అత్తగారు కొంగు సర్దుకున్నారు. “ఆ కళ్ల డాక్టరు నంబరు ఇలా ఇవ్వండి, నేనే మాట్లాడతాను.”

“పళ్ల డాక్టరుది కూడా తీసుకోండి అత్తయ్యా,” అంది కోడలు మెత్తగా.

అత్తగారి చెయ్యి ఫోన్ దాకా వెళ్లి ఆగింది. “దానికి ముందుది ఎవరిదో చూడరా.”

“మీ కోడలిది. ‘శుభ్రం చేశాను’.”

“అంతకు ముందు?”

“నీదే. ‘బాగా శుభ్రం చేశాను’. దాని ముందుది మళ్లీ మీ కోడలిది. ‘ఇంకా బాగా’...”

“ఇంత శుభ్రం మన వంటింట్లో ఏనాడూ చూడలేదు,” అన్నారు మామగారు.

ఆ మాటకు అత్తాకోడళ్లిద్దరూ ఒకేసారి ఆయన వైపు చూశారు. పెళ్లి తర్వాత వాళ్లిద్దరూ ఒక మాట మీద నిలబడింది అప్పుడే.

“పేర్లతో ఇది తేలదు నాన్నా,” అన్నాడు కొడుకు చెమట తుడుచుకుంటూ. “డాక్టర్లకు వెళ్లిన మూట విప్పి, లోపల ఎవరి రాత ఎంత మిగిలిందో లెక్క తియ్యాలి.”

“తియ్యి. ఎవరిది ఎక్కువుంటే వాళ్లదే పెత్తనం.”

“నాదే ఉంటుంది,” అన్నారు అత్తగారు.

“చూద్దాం అత్తయ్యా,” అంది కోడలు.

“ముందు ట్రీ నంబరు చదువుతాను. ఏడు, ఎఫ్, రెండు, సి, సున్నా, బి, నాలుగు...”

అత్తగారు కాగితం మీద రాసుకుంటున్నారు. కోడలు అరచేతిలో రాసుకుంటోంది. మామగారు మాత్రం కళ్లజోడు పైకి తోసుకుని, అత్తగారి కంప్యూటరు పైభాగం వైపు చూస్తూ ఉండిపోయారు.

“ఇక విప్పక్కర్లేదురా,” అన్నారు కాసేపటికి.

పెళ్లికి ముందురోజు అంటించిన చీటీ మీద ఉన్నదీ ఆ నంబరే.