పెరట్లో శిల్పానికి చోటు

మా సాంటా ఫేలో పెరట్లోకి శిల్పం కొనేముందు, అంతే ఎత్తున్న అట్టముక్క నిలబెట్టి చోటు చూసుకుంటారు. మా ఆవిడ ఒఫీలియా అట్టకు బదులు నన్ను నిలబెట్టింది.

మోకాలి ఆపరేషన్ అయ్యాక నేను టీవీ ముందు కుర్చీకి అతుక్కుపోయాను. నడవమని డాక్టరు పోరితే నొప్పన్నాను. శిల్పం కోసమనేసరికి కాదనలేకపోయాను. మొదట్లో గుమ్మం ముందు నిలబెట్టేది. తర్వాత గులాబీల పక్కన. ఇప్పుడు గోడ దాకా వచ్చాం.

“ఎలోయ్, ఆ చెట్టు దాకా జరుగు,” అని నిన్న కూడా వంటింటి కిటికీలోంచి నన్ను పేరు పెట్టి పురమాయించింది. “పొట్ట లోపలికి పీల్చు.”

“ఉక్కు బొమ్మకు పొట్టెక్కడిది?”

“నీకుందిగా. వెనకాల చెట్టు కనబడి చావట్లేదు.”

ఇవాళ ఆవిడ బజారుకెళ్ళినప్పుడు శిల్పాలమ్మే గ్యాలరీ అమ్మాయి ఫోన్ చేసింది. “పోయిన నెల మీ ఆవిడ వద్దనుకున్నారే, ఆ ఉక్కు శిల్పం అమ్ముడైపోయిందండీ. ఇంకోటి ఏదైనా చూస్తారా?”

సాయంత్రం ఒఫీలియా కిటికీ తెరిచేసరికి నేను చెట్టు కింద చేతులు చాచి నిలబడి ఉన్నాను.

“పిలవకుండానే వచ్చావే,” అంది.

“ఇక్కడేం బాలేదు,” అన్నాను. “వీధి చివర ఎలా ఉంటుందో చూసొద్దాం, రా.”